ఇంటి నంబరు

మంగళవారం పొద్దున పదిన్నరకు కాశమ్మ నెట్ సెంటర్ ముందు చెప్పులు విడిచింది. అదే వింత. శుక్రవారం సాయంత్రం తప్ప ఆమె ఆ మెట్లెక్కదు. పొద్దుటిపూట ఆమె చోటు గల్లీ చివర అంగన్‌వాడీ. ఈపాటికి పొయ్యి మీద పప్పు ఎక్కించి, ముప్ఫై మంది పిల్లల ముక్కులు తుడుస్తూ ఉండవలసిన మనిషి.

లోపల రూప మౌసులు శుభ్రం చేస్తోంది. ఒక్కొక్కదాన్నీ వెల్లకిలా తిప్పి, అడుగున మూత తీసి, గోళీ బయటికి దొర్లించి, లోపలి చక్రాలకు చుట్టుకున్న మురికిని తలపిన్నుతో గీకి తీయడం ఆమె రోజూ చేసే మొదటి పని. శాలిబండ దుమ్ము అంతా ఇంతా కాదు. ఆరు కంప్యూటర్ల మౌసుల్లోనూ రోజుకింత చేరుతుంది.

“దా చిన్నమ్మా, కూసో. ఇయ్యాల సెలవా?”

కాశమ్మ కూర్చోలేదు. లోపలికి రెండడుగులు వేసి ఆగిపోయింది.

“ఎవరికి చెప్పినవ్ బిడ్డా?”

“ఏంది చిన్నమ్మా?”

“నా రోగం సంగతి.”

రూప చేతిలోని గోళీ జారి బల్ల కిందికి దొర్లిపోయింది. వంగి తీయాలని కూడా ఆమెకు తోచలేదు.

“నిన్న ఒక్క పిల్ల రాలే,” అంది కాశమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, అదే రూపను ఎక్కువ భయపెట్టింది. “వండిన పప్పు వండినట్టే ఉన్నది. ఇయ్యాల సూపర్‌వైజర్ మేడమ్ వచ్చింది. గేటు బయటనే నిలబడి, ముక్కుకు దస్తీ పెట్టుకొని చెప్పింది. నీకు టీబీ అంట గదా, తల్లులు లొల్లి చేస్తున్నరు, రేపటి సంది రాకు అన్నది. పదకొండేండ్ల సంది చేస్తున్న. నేను నీళ్లు తాగే గ్లాసు గుడ బయట పారేసిండ్రు.”

“చిన్నమ్మా, నేను...”

“నా రోగం ముగ్గురికే ఎరుక. మందులిచ్చే డాక్టరమ్మకు. షార్జాల ఉన్న నా మొగనికి.”

మూడో పేరు ఆమె చెప్పలేదు. గడప దాటి, చెప్పులు వేసుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

తెలిసిన మాటను కడుపులో దాచుకునేవాళ్లు కొందరుంటారు, దాచుకోలేక అజీర్తి పడేవాళ్లు మిగతా లోకమంతా ఉంటారు. రూప మొదటి రకమని గల్లీ మొత్తం ఒప్పుకున్న విషయం. గల్ఫ్‌లో మొగుళ్లున్న ఆడవాళ్లు వచ్చి నాలుగో నంబరు కంప్యూటర్ పక్కన స్టూలు మీద కూర్చుని చెబుతారు, రూప తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి మెసెంజర్‌లో కొడుతుంది. అవతల మొగుడు కొట్టింది చదివి వినిపిస్తుంది. ఎవరి అత్త ఏమందో, ఎవరికి ఎన్నో నెలో, ఎవరు ఎవరి మీద అలిగారో, అన్నీ ఆమె వేళ్ల మీదుగా సముద్రం దాటాయి. నోటి మీదుగా ఒక్కటి కూడా గడప దాటలేదు. జీతం కంటే ఆ పేరే ఆమెకు ఎక్కువ. ఇరవై నాలుగేళ్లకు ఆమె సంపాదించుకున్నది అదొక్కటే.

ఆ పేరు పొద్దున పదిన్నరకు పోయింది. సాయంత్రం ఇద్దరు ఆడవాళ్లు వచ్చి, ఆమె ముఖం చూసి, “మళ్ల వస్తంలే” అని వెనక్కి మళ్లారు. మళ్లా రారని ఆమెకు అర్థమైంది. రూపకు ఏడుపు రాలేదు. చెంపమీద కొట్టినప్పుడు మొదట మంట తెలియదు కదా, అట్లా ఉంది ఆమెకు.

ఇంట్లో తల్లి నాగమణమ్మ అన్నం పెట్టింది. రూప అన్న విశ్వేశ్వర్ కూతురు చిట్టి నానమ్మ ఒళ్లో కూర్చుని ఉంది. నాలుగేళ్ల పిల్ల, నిన్నటినుంచి అంగన్‌వాడీకి పోవడంలేదని దానికి మహా సంతోషం.

“నేను ఎవ్వరికీ చెప్పలేదమ్మా,” అంది రూప.

“నువ్వు చెప్పలేదని నాకు ఎరుక,” అంది నాగమణమ్మ. “ఫికర్ చెయ్యకు. నాలుగు దినాలు అంటరు, మర్చిపోతరు. పిల్లలున్న కాడ ఆమె గుడ గట్ల పని చెయ్యద్దు గదా.”

ఇంత నమ్మకంగా ఒక్క మనిషైనా మాట్లాడినందుకు రూపకు కడుపు నిండింది. పెరుగన్నం కూడా కలుపుకుని తిన్నది.

మర్నాడు ఆమె తిన్నగా జగదీశ్వర్ మీదికి పోయింది.

దుకాణం అతనిది. నలభై ఏళ్లవాడు, నెమ్మదస్తుడు. రోజూ తాళం తీసి, ఒక్కో కంప్యూటర్ ముందూ దేవుడి పటానికి చూపినట్టు అగరువత్తి తిప్పి, రిజిస్టర్ తెరిచి తేదీ వేస్తాడు. ఎవరు ఏ కంప్యూటర్ మీద ఎన్ని గంటలకు కూర్చున్నారో అందులో రాయాలని పోలీసులు చెప్పారు. చెప్పినవాళ్లు మర్చిపోయారేమో గాని జగదీశ్వర్ మర్చిపోలేదు. తన తమ్ముడొచ్చి కూర్చున్నా సంతకం పెట్టాల్సిందే.

“అన్నా, కాశమ్మ చిన్నమ్మది ఎవరో తెరిచి చదివిండ్రు,” అంది రూప.

“ఎవరు చదువుతరు?”

“దుకాణం తాళాలు నీ కాడనే ఉంటయి. నేను పోయినంక గుడ నువ్వు ఉంటవ్.”

జగదీశ్వర్ అగరువత్తి పుల్లను గోడ సందులో గుచ్చి ఆమెవైపు తిరిగాడు. రెండో కంప్యూటర్ ముందు ఇశ్రాయేలు కూర్చుని ఉన్నాడు. పురానాపూల్ దగ్గర పెద్ద దవాఖానలో వార్డుబాయ్‌గా చేసి రిటైరైనవాడు, బొంబాయిలో నర్సుగా ఉన్న కూతురితో మాట్లాడటానికి వస్తాడు. ఆయన చెవులు ఇటే ఉన్నాయని తెలిసి కూడా రూప ఆగలేదు.

“ఇంటి దొంగను ఈశ్వరుడు గుడ పట్టలేడంటరు గదన్నా. నేను చెప్పలే. మరి ఈ దుకాణంల ఇంకెవరున్నరు?”

“సోచాయించి మాట్లాడు రూపా,” అన్నాడు జగదీశ్వర్. అతని చెవులు ఎర్రబడ్డాయి. “ఆమెది తెరవాలంటే పాస్‌వర్డ్ ఉండాలె. నాకేం తెలుసు?”

“పాస్‌వర్డ్ తెలువకుంటనా...” అని రూప మధ్యలో ఆగింది.

జగదీశ్వర్ కూడా ఏదో ఆలోచించాడు. ఇశ్రాయేలువైపు తిరిగాడు.

“పెద్దన్నా, నీ పాస్‌వర్డ్ ఏంది?”

“ఏందంటవేంది, మా ఇంటి నంబరే గదా.”

“కాశమ్మది?”

“ఆమెది ఆమె ఇంటి నంబరు,” అన్నాడు ఇశ్రాయేలు, ఇంత చిన్న సంగతి అడుగుతారేమని. “రూపది రూప ఇంటి నంబరు. గల్లీల అందరిది గంతే గదా. ఈ పిల్లనే పెట్టింది.”

పెట్టింది రూపే. మొదట్లో ఎవరికి నచ్చింది వాళ్లు పెట్టుకునేవారు, వారం తిరిగేసరికి మరచిపోయి ఆమె ప్రాణం తీసేవారు. అందుకని ఆమెకో ఉపాయం తోచింది. రేషన్ కార్డు మీద, కరెంటు బిల్లు మీద, పోస్టు కవరు మీద ఉండే నంబరు. ఎవరూ మరిచిపోరు. “ఏం దిమాగు పిల్లా నీది” అని జగదీశ్వరే మెచ్చుకున్నాడు. గుమ్మంలో కొత్త మనిషి అడుగు పెట్టగానే, “పేరు కొట్టు, కింద ఇంటి నంబరు కొట్టు, అయిపాయె” అని దుకాణం మొత్తానికి వినబడేట్టు రూపే అరిచి చెప్పేది.

ఇంటి నంబరు అందరికీ ఉంది. మున్సిపాలిటీ వాళ్లు నీలం రంగుతో ప్రతి తలుపు మీదా రాసిపోయారు. గల్లీలో నడిచేవాళ్లందరికీ కనబడేట్టు, జానెడు అంకెలతో.

రెండేళ్లుగా రూప అందరి ఇళ్లకూ తాళాలు బిగించి, తాళంచెవులు ఆ తలుపులకే వేలాడదీసింది. ఒక్కరికి కూడా, తనకు కూడా, అది తట్టలేదు.

అది చాలదన్నట్టు ఇంకోటి ఉంది. మొగుడన్న మాటలు మళ్లీ చదివి వినిపించమని ఆడవాళ్లు నడివారంలో వచ్చేవారు. వాళ్ల కోసం నాలుగో నంబరు కంప్యూటర్‌లో పాత మాటలు దాచి ఉంచే గడిలో టిక్కు పెట్టి ఉంచింది. అందరి మాటలూ ఆ ఒక్కదాంట్లోనే పోగుపడి ఉన్నాయి.

“నాలుగో నంబరు,” అన్నాడు జగదీశ్వర్. రిజిస్టర్ తీశాడు. “కాశమ్మ శుక్కురారం చెప్పింది. సోమారం పిల్లలు రాలే. నడుమల శని, ఆదివారాలే ఉన్నయి.”

ఇద్దరూ వేలు పెట్టి కిందికి చూసుకుంటూ వచ్చారు. శనివారం నాలుగో నంబరుకు ఖాళీయే లేదు, అన్నీ రూప రాసిన పేర్లే, ఆమె పక్కన కూర్చుని కొట్టిపెట్టినవే. ఆదివారం పొద్దున ఎవరూ లేరు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలు. కంప్యూటర్ నంబరు నాలుగు. పేరు గడిలో, తలకట్టు ఒకచోట అక్షరం ఇంకోచోటుగా, బలపం పట్టిన చేతిరాత: నాగమణమ్మ.

జగదీశ్వర్ రిజిస్టర్ మూసేశాడు. రూప తనను దొంగ అన్నదానికి బదులు తీర్చుకునే అవకాశం అది, అతను తీర్చుకోలేదు. గొంతు తగ్గించి, “టీ తాగొస్త” అని బయటికి వెళ్లాడు. ఇశ్రాయేలుకు సంగతి అందలేదు, కూతురికి ఏదో కొట్టుకుంటూ కూర్చున్నాడు.

రెండింటికి నాగమణమ్మ టిఫిన్ డబ్బాతో వచ్చింది. రోజూ వస్తుంది. రూప వెనక గదిలో తింటుంటే, ఆమె నాలుగో నంబరు ముందు కూర్చుని అక్షరాలు నేర్చుకుంటుంది. ఏబీసీడీలు చాలావరకు వచ్చాయి. ఆ సరదా పెట్టింది కూడా రూపే. యాభై ఏళ్లకు తల్లి ఒక్కో మీటా వెతుక్కుని తన పేరు కొడుతుంటే చూసి మురిసిపోయింది. వచ్చీ రాగానే రిజిస్టర్‌లో పేరు రాయడం నాగమణమ్మకు మరీ ఇష్టం. ఇప్పుడూ డబ్బా బల్ల మీద పెట్టి పెన్ను అందుకుంది.

“ఆగమ్మా. ఆదివారం ఎవరిది తెరిచినవ్?”

“కాశమ్మది,” అంది నాగమణమ్మ. దాచలేదు, తడబడలేదు. దాచవలసిందని ఆమెకు తెలిస్తే కదా.

“ఎందుకు?”

“రెండు నెలల సంది దగ్గుతున్నది. మన చిట్టి రోజంత ఆమె ఒళ్లోనే ఉంటది. ఏమైంది చెల్లే అని నోరు తెరిచి అడిగిన. జలుబక్కా అన్నది. మూడు వారాలు పనికి పోలే, పురానాపూల్ల అక్కకు బాగలేదన్నది. ఎవ్వరు నమ్ముతరు? మొగనికైతే నిజం చెప్తది గదా అని చూసిన.”

“చూసినవా? ఆమెది ఎట్ల తెరిచినవ్?”

“నువ్వే గదా నేర్పినవ్. పేరు కొట్టుడు, కింద ఇంటి నంబరు కొట్టుడు. పోయేటప్పుడు ఆమె తలుపు చూసుకుంట పోయిన.”

రూప తల్లిని స్టూలు మీద కూర్చోబెట్టి, కాశమ్మ మాటలు తెరిచింది. “ఏం చదివినవ్? ఏడ చదివినవ్, చూపెట్టు.”

నాగమణమ్మ తెరమీద వేలు పెట్టి వెతికింది. చిన్నక్షరాల మధ్య రెండు పెద్దక్షరాలు.

“గివి. టీ, బీ. మిగిలింది కూడబలుక్కుంటే సమజ్ కాలే. ఈ రెండు మంచిగ సమజైనయి.”

రూప ఆ తర్వాతి మాటలు పైకి చదివింది. తను కొట్టినవే. “టీబీ వచ్చింది. నీకు ముందుగాల చెప్పలే, పరేషాన్ అయితవని. మూడు వారాలు పనికి పోలే, పిల్లలున్నరని. ఇప్పుడు తెమడ పరీక్షల ఏం లేదు. ఇగ ఎవ్వరికి అంటదు, పోయి పని చేసుకో అని డాక్టరమ్మ చెప్పినంకనే పోయిన. మందులు ఆరు నెలలు మింగాలె. నువ్వు ఫికర్ చెయ్యకు.”

నాగమణమ్మ తెరమీదినుంచి వేలు తీసేసింది.

“గది నాకు చదవరాలే,” అంది.

“ఎవరికి చెప్పినవమ్మా?”

“నల్లా కాడ ఒక్కామెకే చెప్పిన. ఆమె మనుమడు గుడ ఆడికే పోతడు, పాపం పిల్లగాడు అని.”

ఆ డబ్బా ఆ రోజు ఎవరూ విప్పలేదు.

గురువారం పొద్దున నాగమణమ్మ తనంతట తనే నల్లా దగ్గరికి పోయి, సగమే చదివానని, కాశమ్మకు నయమైందని చెప్పింది. విన్నవాళ్లు బిందెలు నింపుకుంటూ, “టీబీ టీబీయే గదా అక్కా” అన్నారు. మొదటిమాట ఎంత తొందరగా నమ్మారో రెండోమాట అంత తొందరగా కొట్టేశారు. ఆమె ఖాళీ బిందెతో ఇంటికి వచ్చింది. కాశమ్మ ఇంటికి పోదాం రమ్మంటే మాత్రం, “ఏం మొఖం పెట్టుకొని రావాలె” అని గోడవైపు తిరిగి పడుకుంది.

రూప ఒక్కతే పోయింది. జగదీశ్వర్ మీదికి నెట్టేసే వీలుందని దారిలో అనిపించకపోలేదు. తను దొంగన్నది ఇశ్రాయేలు వినే ఉన్నాడు, గల్లీ ఇప్పటికే జగదీశ్వర్‌ను అనుమానంగా చూస్తోంది. నెడితే తన పేరు మిగులుతుంది, అమ్మ పేరు మిగులుతుంది. కాశమ్మ తలుపు మీద ఇరవై - నాలుగు - మూడు వందల పద్దెనిమిది అని నీలం అంకెలు ఉన్నాయి. వాటిని చూశాక అబద్ధం నోటిదాకా రాలేదు. గొళ్లెం కొట్టింది.

కాశమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. వింటున్నంతసేపూ వేళ్లు ఆగలేదు. తల్లి తెరిచిందని, పాస్‌వర్డ్ ఎట్లా తెలిసిందో, రెండక్షరాల సంగతి, నల్లా సంగతి, అన్నీ రూప చెప్పేసింది.

“మీ అమ్మ నన్ను చెల్లె అని పిలుస్తది,” అంది కాశమ్మ చివరికి.

“అడిగిందంట గదా నిన్ను. జలుబన్నవంట.”

అనకూడని మాట అన్నానని రూపకు వెంటనే తెలిసింది.

“జలుబన్ననంటే, చెప్పబుద్ధి కాలేదన్నట్టే గదా బిడ్డా,” అంది కాశమ్మ. ఒక రాయి ఏరి గుమ్మం బయటికి విసిరింది.

రూప బతిమాలగా బతిమాలగా, కాశమ్మ ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ రాసిన కాగితం పట్టుకుని ఆమెతో కలిసి అంగన్‌వాడీల ఆఫీసుకు వచ్చింది. సూపర్‌వైజర్ మేడమ్ కాకినాడవైపు మనిషి, మర్యాదస్తురాలు. కాగితం అంచులు పట్టుకుని చదివింది.

“మీకు తగ్గిందంటే నాకూ సంతోషమేనమ్మా. కానీ నేనేం చెయ్యను చెప్పండి? పిల్లల్ని పంపించేది తల్లులు కదా. వేరే ఆవిణ్ణి పెట్టేశాం కూడా. మీ కోర్సు పూర్తవ్వనివ్వండి, అప్పుడు చూద్దాం.”

తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. కాశమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. ఎవరికీ ఏమీ అంటదని ఆమెకు తెలుసు. అయినా పెట్టుకుంది. రూపకు అప్పుడు ఏడుపు వచ్చింది, మూడో రోజున.

శుక్రవారం దుకాణంలో వేరే పని జరగలేదు. రూప క్షమించమని అడగబోతే జగదీశ్వర్ చెయ్యి అడ్డం పెట్టి, “నన్ను దొంగన్నవ్, గది పోనీ. ముందుగాల అందరివీ మార్చు” అన్నాడు. ఒక్కొక్కరినీ పిలిపించి కొత్త పాస్‌వర్డ్ పెట్టించారు. ఇశ్రాయేలు పెట్టి, “అయింది, మా బిడ్డ పుట్టిన తారీఖు” అని అందరికీ వినబడేట్టు చెప్పాడు. మళ్లీ మార్పించవలసి వచ్చింది. నాలుగో నంబరు కంప్యూటర్‌లో దాచిన మాటలన్నీ రూప తుడిచేసింది. ఒకామె, తన మొగుడు మొన్న పండక్కి రాసిందొక్కటి ఉంచమని బతిమాలింది. దాన్ని చివరిసారి చదివి వినిపించి, అదీ తుడిచేసింది. నాగమణమ్మ ఆ రోజు అన్నం డబ్బా పక్కింటివాళ్లతో పంపింది.

దీపాలు పెట్టే వేళకు కాశమ్మ వచ్చింది. వస్తుందని రూప అనుకోలేదు. వచ్చి స్టూలు మీద కూర్చుంది.

“నాది గుడ మార్చు.”

కాశమ్మకు చదువు రాదు, అంకెలు వస్తాయి. బస్సు నంబర్లు, మందుల చీటీ మీద తేదీలు గుర్తుపడుతుంది. రూప మెసెంజర్ తెరిచి, కొత్తది కొట్టే గడి దగ్గర గీత నిలబెట్టి, అంకెల మీటలు చూపించింది.

“ఈడ నీకు ఇష్టమున్న అంకెలు కొట్టు చిన్నమ్మా. ఎనిమిదికి తక్కువ కాకుంట. ఇంటి నంబరు కొట్టకు, ఫోన్ నంబరు కొట్టకు. ఎవ్వరికి చెప్పకు.”

“మొఖం అటు తిప్పు,” అంది కాశమ్మ.

రూప కుర్చీ మీదే గోడవైపు తిరిగింది. వెనక మీట చప్పుడు ఒకటి వినిపించింది. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ ఒకటి. తర్వాత రెండు, వెంటవెంటనే.

“లెక్కపెట్టకు.”

తను లెక్కపెడుతోందని రూపకు అప్పుడే తెలిసింది. సిగ్గుతో రెండు చేతులతో చెవులు మూసుకుంది. రెండేళ్లు ఈ మనిషి పక్కన కూర్చుని ఆమె మనసులోదంతా విన్నది. భుజం మీద చెయ్యి పడేదాకా అట్లాగే కూర్చుంది.

రెండోసారి కూడా కొట్టాలని చెబితే, మళ్లీ గోడవైపు తిరిగింది. రెండూ సరిపోయాయి.

షార్జాలో ఆమె మొగుడు అంజన్న అప్పటికే కూర్చుని ఉన్నాడు. తెరమీద అతని మాట వచ్చింది. రూప చదివింది. “ఎట్లున్నవ్, దగ్గు తగ్గిందా, పిల్లలు ఎట్లున్నరు అంటున్నడు చిన్నమ్మా.”

రూప వేళ్లు మీటల మీద పెట్టి ఎదురు చూసింది. ప్రతి శుక్రవారం కాశమ్మ ఇక్కడినుంచి మొదలుపెట్టి అరగంట ఆపేది కాదు. ఏ పిల్ల ఏమన్నదో, ఏ పిల్లగాడు పప్పన్నం ఒంటిమీద పోసుకున్నాడో, వాడికి కడిగి చెడ్డీ మార్చితే ఎట్లా నవ్వాడో, రూప వేళ్లు నొప్పి పుట్టేదాకా చెప్పేది.

“రాయి,” అంది కాశమ్మ. “మంచిగున్న. పిల్లలు మంచిగున్నరు. నువ్వు పైలం.”

రూప కొట్టింది. ఆగింది.

“ఇంకేం రాయాలె?”

“గంతే.”

“పని సంగతి... అంజన్న బాపుకు చెప్పవా?”

కాశమ్మ తెరవైపు కాకుండా రూప ముఖంలోకి చూసింది. కోపం లేదు, ఏమీ లేదు, బస్సులో పక్క సీటు మనిషిని చూసినట్టు చూసింది.

“గంతే బిడ్డా. పంపు.”

రూప పంపించింది.